పీరియడ్‌కు 390 రూపాయలు: తెలంగాణ కాలేజీల్లో చదువూ కొలువూ



సాహిత్య సదస్సుకు అధ్యక్షత వహించేవారు ఏ కావ్యం గురించో, ఏ విమర్శ ధోరణి గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి ఆ ఆనవాయితీని పక్కన పెట్టక తప్పడం లేదు. ఉస్మానియాలో తెలుగు శాఖకు రాయప్రోలు సుబ్బారావు పునాది వేసినా, బిరుదురాజు రామరాజు పల్లెపాటల్ని విశ్వవిద్యాలయ పరిశోధన దాకా తీసుకొచ్చినా, వాళ్ల వెనక నెలనెలా జీతమిచ్చే కొలువొకటి ఉంది. అలాంటి కొలువులు ఇవాళ తెలంగాణలో ఏ స్థితిలో ఉన్నాయి, ఆ తరగతుల్లో కూర్చోవాల్సిన పిల్లలు ఎటు వెళ్తున్నారు అన్నదే ఈ ప్రసంగం.

ముందు పిల్లల సంగతి. 2016-17లో డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ విధానం వచ్చింది. అంతకుముందు డిగ్రీలో చేరాలంటే ఏ కాలేజీ దరఖాస్తు ఆ కాలేజీలోనే కొనుక్కోవాలి. ఇప్పుడు ఉస్మానియా, కాకతీయ, శాతవాహన, పాలమూరు, మహాత్మాగాంధీ, తెలంగాణ విశ్వవిద్యాలయాల కింది కాలేజీలు దాదాపుగా అన్నీ ఒకే తెరమీదికొచ్చాయి. ఇంటర్ ఫలితాలొచ్చిన వారం ఏ మండల కేంద్రంలోనైనా నెట్ సెంటర్ ముందు నిలబడితే చాలు, దోస్త్ అంటే ఏమిటో అర్థమవుతుంది. చేతిలో మెమో, ఆధార్‌కు లింకైన నాన్న ఫోను, ఓటీపీ కోసం ఎదురుచూపు. ఆప్షన్లు పెట్టేది చాలాసార్లు పిల్ల కాదు, సెంటర్ నడిపే కుర్రాడు. తొలి ఏళ్లలోనైతే కొన్ని ప్రైవేటు కాలేజీల మనుషులు ఓటీపీలు పట్టుకుని, పిల్లల బదులు తామే ఆప్షన్లు పెట్టేశారన్న ఫిర్యాదులూ వచ్చాయి.

ఆ గొడవ అటుంచితే, దోస్త్ చేసిన మేలు ఒకటుంది. కప్పి ఉంచిన లెక్క బయటపడింది. నాలుగు లక్షల పైచిలుకు సీట్లు చూపించిన ఏళ్లలో చేరినవాళ్లు రెండు లక్షలకు అటూఇటూగా తేలారు. ఏటా పదుల సంఖ్యలో కాలేజీల్లో ఒక్కరంటే ఒక్కరు చేరడం లేదు.

దీన్ని చూసి పిల్లలు చదువు మానేస్తున్నారని గుండెలు బాదుకునేవాళ్లున్నారు. అది నిజం కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం కాలేజీ వయసు యువతలో చదువుకుంటున్నవారి నిష్పత్తి దేశం మొత్తమ్మీద 28.4 శాతం, తెలంగాణలో 40. పిల్లలు ఉన్నారు, చదువుతున్నారు. కాకపోతే ఆ వయసు జనాభాలో ప్రతి లక్షమందికీ దేశంలో సగటున 30 కాలేజీలుంటే, ఇక్కడ 50కి పైగా ఉన్నాయి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక ప్రైవేటు కాలేజీ పెట్టడం లాభసాటి వ్యవహారమైంది. పేద ఇంటి పిల్లలకు ఆ పథకం తలుపులు తెరిచింది, కాదనలేం. అదే తలుపులోంచి, రెండు గదుల అద్దె మేడకు డిగ్రీ కాలేజీ బోర్డు కట్టినవాళ్లూ దూరారు.

ఉన్న పిల్లలు ఎటు పోతున్నారంటే, ఎంపీసీ చదివినవాడు ఇంజనీరింగుకు పోతున్నాడు. అక్కడా రెండొంతుల సీట్లు కంప్యూటర్ సైన్స్, దాని తోకలుగా పుట్టిన ఏఐ, డేటా సైన్స్ శాఖలవే. డిగ్రీకి వచ్చినవాళ్లలో పెద్దపీట బీకాంది, అందులోనూ కంప్యూటర్ అప్లికేషన్స్‌ది. బీఏ ఒకప్పుడు గ్రూప్స్ రాసేవాళ్ల మొదటి మెట్టు. ఇప్పుడు పట్నంలో కొన్ని పేరున్న కాలేజీల్లో నిండుతుంది, జిల్లాల్లో సగం బెంచీలతో నడుస్తుంది. ఇంకో మార్పు కూడా వచ్చింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. దోస్త్‌లో చేరేవారిలో అమ్మాయిలు అబ్బాయిల్ని దాటేశారు. పీజీలోనైతే పోటీయే లేదు, ఎమ్మే తెలుగు తరగతి గదిలోకి తొంగిచూస్తే అబ్బాయిల్ని వెతుక్కోవాలి.

ఇక పాఠం చెప్పేవారి సంగతి. కాలేజీ భాషలో దీనికి మూలమంత్రం ‘వర్క్‌లోడ్’. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటల పాఠం చెప్పాలని యూజీసీ నిబంధన. సెక్షన్ నిండితే గంటలుంటాయి, గంటలుంటే పోస్టు ఉంటుంది. సెక్షన్ ఎత్తేస్తే సారుకు గంటలు తగ్గుతాయి, గంటలు తగ్గితే ఆయన్ను డిప్యుటేషన్ మీద ఇంకో ఊరికి పంపుతారు. ఆయన వెళ్లిపోయాక ఆ కోర్సు పక్కన గెస్ట్ అని రాస్తారు. గెస్టుతో నడిచే కోర్సులో మరుసటి ఏడు ఇంకో పదిమంది తగ్గుతారు. ఆ పైన ‘డిమాండ్ లేదు’ అని ఫైలు మీద నోట్ పెడతారు. డిమాండ్ పడిపోవడానికి మొదటి కారణం ఖాళీ కుర్చీయేనన్న సంగతి ఆ నోట్‌లో ఉండదు. ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

గెస్ట్ అంటే ఎవరో దగ్గరగా చూద్దాం. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్‌కు 390 రూపాయలు. నెలకు 72 పీరియడ్లకు మించి లెక్కకట్టరు. పండగలూ సెలవులూ లేని నెలైతే, ఒక్క గంటా పోకుండా చెబితే 28,080 రూపాయలు. దసరా నెలలో కోత. ఎండాకాలం సున్నా. జూన్‌లో మళ్లీ కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూపు. ఉత్తర్వు వచ్చినా బిల్లు నెలల తర్వాత. ఆ గెస్ట్ సారుకే మే నెలలో ఇంకో పని పడుతుంది. కరపత్రాల కట్ట బండి మీద పెట్టుకుని, రెగ్యులర్ సార్లతో కలిసి ఊళ్లు తిరిగి, మా కాలేజీలో చేరమని తల్లిదండ్రుల్ని అడగాలి. పిల్లలు చేరితేనే ఆయన పీరియడ్లు నిలుస్తాయి. యూజీసీ ఏమో 2019 జనవరిలోనే గెస్ట్ అధ్యాపకులకు ఉపన్యాసానికి 1,500, నెలకు గరిష్ఠంగా 50 వేలు ఇమ్మని చెప్పింది. అది డిగ్రీ, ఆపై స్థాయికి ఉద్దేశించినదే. అయినా ఒకే పీజీ పట్టా ఉన్న మనిషికి జూనియర్ కాలేజీలో ఒక రేటు, యూజీసీ కాగితం మీద ఇంకో రేటు అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

నియామకాలే జరగలేదా అంటే, జరిగాయి. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వ జూనియర్ కాలేజీల లెక్చరర్లకు తొలి నోటిఫికేషన్ 2022 డిసెంబరులో పడింది, 1,392 పోస్టులకు. నియామకపత్రాలు చేతికందింది 2025 మార్చిలో. బీఈడీ చేసి స్కూల్లో పనిచేస్తూ ఆ పరీక్ష రాసినవాళ్ల పిల్లలు ఈలోగా బడికెళ్లే వయసుకొచ్చారు. దానికి ముందు 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల్ని పర్మనెంటు చేశారు. అందులో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లే, చాలామంది నడివయసు దాటినవాళ్లే. 2024 నవంబరులో హైకోర్టు ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన, నియామకాల చట్టంలోని 10ఎ సెక్షన్‌ను కొట్టేసింది. అప్పటికే పర్మనెంటైనవారిని మాత్రం కదపలేదు. ఒక చేత్తో తలుపు మూసి, లోపల కూర్చున్నవారిని కూర్చోమన్నట్టయింది.

విశ్వవిద్యాలయాల పరిస్థితి ఇంతకంటే దయనీయం. 2,800కు పైగా మంజూరైన బోధన పోస్టుల్లో కొన్నేళ్లుగా మూడింట రెండువంతుల మేర ఖాళీ. ఉస్మానియాలో చివరి రెగ్యులర్ నియామకాలు ఉమ్మడి రాష్ట్రం నాటివి. విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి ఒకే నియామక బోర్డు పెట్టే బిల్లును 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించింది, గవర్నర్ వివరణలు కోరారు, వ్యవహారం సుప్రీంకోర్టు గుమ్మం దాకా పోయింది, పోస్టులు మాత్రం ఎక్కడివక్కడే. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో పది శాతానికి మించకూడదన్నది 2018 యూజీసీ నిబంధన. ఆ పరిమితినే ఎత్తేయాలని 2025 జనవరి ముసాయిదా ప్రతిపాదించింది. పది శాతం ఉన్నప్పుడే ఇంత, అది కూడా పోతే ఎంతో ఊహించుకోవచ్చు.

ప్రైవేటు కాలేజీల గురించి రెండు మాటలు చాలు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఆగితే ముందు ఆగేది అధ్యాపకుడి జీతం. బకాయిల కోసం 2024 అక్టోబరులో డిగ్రీ, పీజీ కాలేజీల యాజమాన్యాలు బంద్ పాటించాయి. ఇంజనీరింగులో సివిల్, మెకానికల్ సెక్షన్లు మూతపడ్డచోట పదేళ్ల అనుభవమున్న సారును పైథాన్ నేర్చుకుని రమ్మంటున్నారు, లేదంటే ఇంటికి పంపుతున్నారు.

మన తెలుగు శాఖ ఈ లెక్కలో ఎక్కడుంది? డిగ్రీలో సెకండ్ లాంగ్వేజ్ ఉన్నంతకాలం తెలుగు సారుకు గంటలుంటాయి, ఆ మేరకు ఆయన అదృష్టవంతుడు. ముప్పు ఇంటర్లోనే మొదలవుతోంది. మార్కులు దండిగా పడతాయని కార్పొరేట్ కాలేజీలు ఏళ్లుగా పిల్లల్ని సంస్కృతం వైపు మళ్లించాయి. 2025లో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ సంస్కృతం పెట్టే ఆలోచన బయటికొచ్చినప్పుడు రచయితలూ తెలుగు అధ్యాపకులూ వ్యతిరేకించారు. సంస్కృతం మీద ద్వేషంతో కాదు. ఆ నిర్ణయంతో ఏ కుర్చీ ఖాళీ అవుతుందో వాళ్లకు తెలుసు.

పీజీలో ఇంకో విచిత్రం. కొన్నేళ్లుగా ఏ డిగ్రీ చదివినవారైనా ఎమ్మే తెలుగులో చేరొచ్చు. బీకాం అమ్మాయిలు, బీఎస్సీ అమ్మాయిలు వచ్చి కూర్చుంటున్నారు. ఛందస్సు మొదటినుంచి చెప్పాల్సి వస్తోందని కొందరు పెద్దలు విసుక్కుంటారు. చెప్పాల్సిందే. వచ్చిన పిల్లలకు మొదటినుంచి చెప్పే ఓపికా తీరికా పర్మనెంటు ఉద్యోగమున్న అధ్యాపకుడికి ఉంటుంది. వచ్చే జూన్‌లో తానక్కడ ఉంటాడో లేదో తెలియని మనిషి నుంచి అంత ఆశించడం న్యాయం కాదు.

ఈ సాయంత్రం తీర్మానాల సంఘం కూర్చుంటుంది. భాషాభివృద్ధి మీద రాసే వాక్యాలు ఎటూ ఉంటాయి, వాటి పక్కన రెండు చిన్న కోరికలు చేర్చమని మనవి. కాలేజీలు తమ అధ్యాపకుల వివరాలు, పేరుపేరునా, ఏటా అఖిల భారత ఉన్నత విద్యా సర్వేకు పంపుతూనే ఉన్నాయి. ఆ వివరాల్నే దోస్త్ తెరమీద కోర్సు పేరు పక్కన చూపించమందాం. సీట్లు 60, రెగ్యులర్ అధ్యాపకులు సున్నా అని కనబడితే నెట్ సెంటర్లో కూర్చున్న ఆ పిల్లకైనా తెలుస్తుంది. రెండోది, గెస్టులకు పీరియడ్ లెక్క తీసేసి, ఎండాకాలంతో కలిపి పన్నెండు నెలల జీతం. మొదటిదానికి ఖజానా నుంచి పైసా పెట్టనక్కర్లేదు కాబట్టి, అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.