తీర్పు సరే, న్యాయం మాటేమిటి?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పల్లె కష్టాలను మన కథలు ఎలా చూపించాయో చెప్పమన్నారు. ఉన్న కాస్త సమయంలో పది కథల పేర్లు చదవడంకంటే ఒక్క కథ గురించి చెప్పుకోవడం మేలు. అది కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’. 1960లలో వచ్చిన కథ.

సుందరపాలెంలో అప్పల్రాముడనే పేద దళిత రైతు, గోపన్న అనే వర్తకుడికి బాకీ పడ్డాడు. తగువు ఊరి పెద్ద శ్రీరాములునాయుడు దగ్గరికి వచ్చింది. ఇక్కడ మనం ఒక దుర్మార్గుడి కోసం వెతుకుతాం. దొరకడు. నాయుడు పదిమందీ గౌరవించే మనిషి. గోపన్నది దొంగ బాకీ కాదు. అందరి మాటా విన్నాకే బాకీ తీర్చాలని తేల్చారు. తీర్చాలంటే ఉన్న భూమి పోవాలి. భూమి పోతే మిగిలేది పాలేరుతనమే. తన బిడ్డకు ఆ బతుకు వద్దనుకున్న సీతారాముడు, అప్పల్రాముడి కొడుకు, ఆ పసివాణ్ణి చంపి తెచ్చి సభ ముందు పడేశాడు.

ఈ ముగింపు మీద దశాబ్దాలపాటు వాదోపవాదాలు జరిగాయి. తండ్రి అలా చేస్తాడా అని అడిగినవారున్నారు. నాకు మాత్రం అసలు ప్రశ్న అంతకు ముందే ఉందనిపిస్తుంది. రెక్కలు ముక్కలు చేసుకున్నవాడికి అప్పెందుకు మిగిలింది? ఆ ప్రశ్న సభలో తేలలేదు. కాగితం మీద ఎంత బాకీ అన్నదే తేలింది.

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. అసలు, వడ్డీ, గడువు అన్నీ మా రికార్డుల్లో ఉండేవి. వాన పడని ఏడాదికి, గిట్టని ధరకు అందులో గడి ఉండేది కాదు. ఆ గడిని కథ నింపుతుంది. మంచి వాస్తవిక కథ చేసే పని అదే. కన్నీళ్లు పెట్టించి వదిలేయదు, కష్టం ఏ దారిన వచ్చిందో చూపిస్తుంది.

రామారావు గారు మన గురువుల్లాగే బడిపంతులు. అందరికీ కారా మాస్టారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చడానికి పూనుకున్నారు.

మన సంఘానికి ఒక్క మనవి. ఈ ఏడాది బడి లైబ్రరీకి ఇలాంటి కథల పుస్తకాలు కొనిద్దాం. పదో తరగతి పిల్లల చేత ‘యజ్ఞం’ చదివించి, ఆ తీర్పు న్యాయమేనా అని అడుగుదాం. రేపు వాళ్లలో కొందరు తీర్పు చెప్పే కుర్చీల్లో కూర్చుంటారు. ఈ ప్రశ్న ఇప్పుడే వాళ్ల చెవిన పడాలి.