దొర్కా కొలతలు

  ఈ దినము మన ధ్యానము కొరకు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము, 36 నుండి 42 వరకు ఉన్న వచనములు తీసుకున్నాను. బైబిలు దగ్గరలో ఉన్నవారు తెరచి పెట్టుకోండి.

యొప్పే పట్టణములో తబితా అనే శిష్యురాలు ఉండేది. ఆమెకే దొర్కా అని పేరు. ఆమె జబ్బుపడి చనిపోయింది. లుద్దలో ఉన్న పేతురుకు కబురు వెళ్లింది. పేతురు మేడగదిలోకి వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ ఆయన చుట్టూ నిలబడ్డారు. వారు ఆమె గుణగణములను గూర్చి పెద్ద మాటలు చెప్పినట్టు అక్కడ లేదు. ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు చూపించారు. అంతే.

ప్రియులారా, ఈ భాగము చదివిన ప్రతిసారీ నాకు టేపు పట్టుకున్న దర్జీ గుర్తుకు వస్తాడు. బట్ట కుట్టాలంటే కొలత కావాలి. ఆ కాలపు అంగీ మన చొక్కాలాగా ఒంటికి అతుక్కుని ఉండేది కాదు, నిజమే. అయినా పొట్టి మనిషికి పొడుగు అంగీ ఇస్తే కాళ్లకు అడ్డము పడి బోర్లా పడుతుంది. దొర్కా ఆ విధవరాండ్ర మధ్యనే బ్రతికింది. ఎవరి ఎత్తు ఎంతో, ఎవరి అంగీ ఎక్కడ చిరిగిందో ఆమెకు తెలుసు.

క్రిస్మస్ వస్తున్నదంటే అనేక సంఘాలలో బీద పిల్లల కొరకు బహుమానాల పెట్టెలు కడతారు. ఇది పెద్ద ఎత్తున ఎలా మొదలైందో కొందరికి తెలియకపోవచ్చు. 1989 డిసెంబరులో రొమేనియాలో చౌషెస్కు ప్రభుత్వము కూలిపోయింది. అక్కడి అనాథాశ్రమాలలో పిల్లల దుస్థితిని లోకమంతా టీవీలలో చూసింది. 1990లో వేల్స్‌లోని రెక్సామ్ పట్టణానికి చెందిన డేవ్ కుక్, జిల్ కుక్ దంపతులు ఆ పిల్లలకు క్రిస్మస్ కానుకలు పంపే పని ఆరంభించారు. 1993లో ఫ్రాంక్లిన్ గ్రాహమ్ నడిపిస్తున్న సమారిటన్స్ పర్స్ సంస్థ ఈ పనిని చేపట్టింది. అప్పుడు యుద్ధములో నలిగిపోతున్న బోస్నియా ప్రాంతపు పిల్లలకు పెట్టెలు వెళ్లాయి. ఆ సంవత్సరము మొత్తము 28 వేలు. ఇప్పటికి లెక్క 20 కోట్లు దాటింది, నూరు దేశాలకు పైగా చేరాయి. ఆ పెట్టె మరేమీ కాదు, బూట్లు కొన్నప్పుడు వచ్చే అట్టపెట్టె అంత.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఒకసారి నవంబరులో మేము అక్కడికి వెళ్లినప్పుడు వాళ్ల తెలుగు సంఘములో ఆరాధన అయిన తరువాత హాలులో బల్లలు వేసి ఈ పెట్టెలు కడుతున్నారు. నవంబరు మూడవ వారములో వాటిని అప్పగించాలి. నియమాలు చాలా ఉన్నాయి. పెట్టెమీద మగపిల్లవాడా ఆడపిల్లా, వయస్సు 2 నుండి 4 వరకా, 5 నుండి 9 వరకా, 10 నుండి 14 వరకా అని గుర్తు పెట్టాలి. మిఠాయిలు పెట్టకూడదు, టూత్‌పేస్టు పెట్టకూడదు, ద్రవపదార్థాలు, పగిలిపోయే వస్తువులు, తుపాకి బొమ్మలు పెట్టకూడదు. వాడిన వస్తువులు అసలే పెట్టకూడదు.

ఈ చివరి నియమము దగ్గర మా మనవరాలికి చిక్కు వచ్చింది. తన పాత బొమ్మల బుట్ట మోసుకొని వచ్చింది. “తాతయ్యా, ఇవంటే నాకు బోరు కొట్టేసింది, వాళ్లకిచ్చేద్దామా?” అంది. ఎనిమిదేళ్ల పిల్ల, కల్లాకపటము లేకుండా అడిగింది. పెద్దవారమైన మనము అదే పని చేస్తాము గాని ఇంత యథార్థముగా చెప్పము.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను ఆ వరుసలో అవతలి వైపు నిలబడినవాడిని.

ఆరవ తరగతి నుండి నేను ఒక హాస్టలులో చదువుకున్నాను. డిసెంబరులో దూరదేశము నుండి పార్సెళ్లు వచ్చేవి. ఒక సంవత్సరము నాకు వచ్చిన సంచిలో రెండు గుండీలు ఊడిపోయిన చొక్కా, ఒక జత ఉన్ని చేతితొడుగులు ఉన్నాయి. మాది కోస్తా. డిసెంబరులో కూడా మధ్యాహ్నము చొక్కా విప్పి తిరిగే ఊరు. ఫోటో తీసే ఆయన నవ్వమన్నాడు, నవ్వాను. ఆ తరువాత దాతలకు రాయవలసిన ఉత్తరము నల్లబల్ల మీద రాసిపెట్టి చూచి రాయమన్నారు. మీరు పంపిన బహుమానము నాకెంతో ఉపయోగపడుచున్నది అని నేను గుండ్రటి అక్షరాలతో రాశాను. దేవుని బిడ్డలారా, సంఘపు పిల్లవాడిగా నేను కాగితము మీద చెప్పిన మొదటి అబద్ధము అదే.

అయితే నా పక్కన నిలబడిన అబ్బాయికి ఒక పెన్సిళ్ల డబ్బా వచ్చింది. ఆరు పెన్సిళ్లు, ఆరూ చెక్కి ఉన్నాయి, పైగా ఒక చెక్కుడు మర కూడా ఉంది. మేము పదిమందిమి ఒక సగము బ్లేడుతో పెన్సిళ్లు చెక్కుకునేవాళ్లము, వేళ్లు కోసుకునేవాళ్లము. ఆ డబ్బా పంపిన వ్యక్తికి మా పేరు తెలియదు, ఊరు తెలియదు. కాని ఈ పిల్లవాడు పెన్సిలు ఎలా చెక్కుకుంటాడు అని ఒక్క నిమిషము ఆలోచించారు. ఆ అబ్బాయి దానిని పదవ తరగతి వరకు దాచుకున్నాడు.

అందుకని మనవరాలికి ప్రసంగము చేయలేదు. “అమ్మలూ, కొత్త బంతి పెడదామా?” అన్నాను. గాలి తీసి మడిస్తేనే ఆ పెట్టెలో పడుతుంది. తనే అడిగింది, “మరి గాలి ఎలా కొట్టుకుంటారు?” అని. అప్పుడు వెళ్లి పంపు కూడా కొనుక్కొని వచ్చాము. పాత బొమ్మల బుట్ట ఇంటికి తిరిగి వచ్చింది.

ఈ పెట్టెల మీద విమర్శలు ఉన్నాయి. అంత దూరము పంపే ఖర్చుతో అక్కడే కొనవచ్చుగదా అంటారు. అందులో న్యాయముంది, నేను కొట్టిపారేయను. ఇతర మతస్థుల పిల్లలకు బొమ్మ చూపి సువార్త చెప్పడము ఏమి పద్ధతి అని కూడా అడుగుతారు. సువార్త చెప్పడానికి నేను సిగ్గుపడను. కాని బొమ్మను గాలానికి ఎరగా గుచ్చితే పిల్లవాడు చేప అవుతాడు. దొర్కా అంగీ ఇచ్చి ఫలానా మాట ఒప్పుకో అన్నట్టు వాక్యములో లేదు.

మన దగ్గరకు వద్దాము. మన మండలాలలో హాస్టళ్లు ఉన్నాయి, కొలత తీయగలిగినంత దగ్గరలో పిల్లలు ఉన్నారు. నా చిన్నప్పుడు చెప్పులు కొనాలంటే మా అమ్మ నన్ను సంతకు తీసుకువెళ్లేది కాదు, బస్సు చార్జీ దండుగ. నా పాదము పక్కన చీపురుపుల్ల ఆనించి, బొటనవేలి దగ్గర తుంచి కొంగున ముడివేసుకునేది. పెరిగే పిల్లవాడని ఒక వేలెడు ఎక్కువే ఉంచేది.

పోయిన క్రిస్మస్‌కు మా యౌవనస్థులు ఒక చీపురు కట్ట తీసుకొని దగ్గరలోని హాస్టలుకు వెళ్లారు. వార్డెనుగారి అనుమతి ముందే అడిగాము. ఫోటోలు వద్దని మాత్రము నేను గట్టిగా చెప్పాను. 42 మంది పిల్లలు, 42 పుల్లలు, ఒక్కొక్కదానికి పేరు రాసిన చీటీ కట్టారు. ఒక అబ్బాయి దగ్గర పుల్ల తుంచబోతే “అన్నా, ఇంకొంచెము పొడుగు పెట్టు” అన్నాడు. వేలెడు చాలదా అంటే చాలదన్నాడు. అంత పెద్దవి నీకెందుకురా అంటే తలవంచుకొని, “మా అన్నయ్యకి. ఇంటి దగ్గర ఉంటాడు. బడి మానేశాడు” అన్నాడు.

రెండు పుల్లలు తుంచుకొని వచ్చారు. 43 జతలు కొన్నాము.

ప్రార్థించుదము. ప్రభువా, ఈ సంవత్సరము పెట్టెలు కట్టే చేతులను దీవించుము. వరుసలో నిలబడే పిల్లలను, వరుసలోకి రాని వారి అన్నలను, అక్కలను మాకు చూపించుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.