బడి కమిటీలో ఖాళీ కుర్చీ ఎవరిది?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల విద్యార్థి, ఉద్యోగ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల గురించి, కొలువుల గురించి మనం చాలాసార్లు కూర్చొని మాట్లాడుకున్నాం. ఈరోజు ఒక చిన్న కుర్చీ గురించి మాట్లాడుకుందాం. అది మన ఊరి సర్కారు బడి యాజమాన్య కమిటీలో ఖాళీ పడిన కుర్చీ. అందులో ఎవరు కూర్చోవాలి? వాళ్లను కూర్చోబెట్టే హక్కు ఎవరిది? ఇదీ మన ముందున్న ప్రశ్న.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో కావాలి. సగం మంది మహిళలు ఉండాలి. అణగారిన, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటివ్వాలి. బడి నడక చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం ఈ కమిటీ పని. మన రాష్ట్ర నియమాలు 2011 మార్చిలో జీవో 20గా వచ్చాయి. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున రెండేళ్లకు ఎన్నుకోవాలన్నాయి. చైర్మన్, వైస్ చైర్మన్ కూడా ఆ తల్లిదండ్రుల నుంచే రావాలి. ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్ మాత్రమే. ఆ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మరి కుర్చీ ఎందుకు ఖాళీ అవుతుంది? అయిదో తరగతి అయిపోయి పిల్లవాడు హైస్కూలుకు పోతాడు. ఆ పిల్లవాడి తల్లి ఇక ఆ బడి తల్లి కాదు. ధర్మవరంలో మగ్గం ఆగితే నేతన్న కుటుంబం పిల్లల టీసీ తీసుకొని బెంగళూరు బస్సెక్కుతుంది. హిందూపురం పల్లెల్లో వాన పడని ఏడు ఇదే వరస. కరువు మన ఊళ్లనే కాదు, మన బడి కమిటీలను కూడా ఖాళీ చేస్తోంది! 2022 జూన్‌లో జీవో 117 వచ్చి, 3, 4, 5 తరగతులను చాలాచోట్ల దగ్గరి హైస్కూళ్లకు తరలించినప్పుడు, ఆ తరగతుల తల్లిదండ్రులకు పాత బడితో సంబంధమే తెగిపోయింది. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. బడి రూపం మారినప్పుడల్లా కమిటీ రూపం కూడా మారుతుందని ఎవరైనా తల్లిదండ్రులను పిలిచి చెప్పారా?

ఇంకో ఖాళీ ఉంది. కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధి కూడా ఉండాలి. ఊళ్లో వార్డు మెంబరు, పట్టణంలో కౌన్సిలరు. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. హిందూపురం, ధర్మవరం పురపాలక సంఘాల గడువు 2019లో తీరితే ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. అన్ని రోజులు బడి కమిటీలో ప్రజాప్రతినిధి కుర్చీ ఖాళీయే. మనబడి నాడు-నేడు పనులు 2019 నవంబరులో మొదలై, డబ్బు తల్లిదండ్రుల కమిటీల ద్వారా ఖర్చయింది సరిగ్గా ఆ కాలంలోనే. కోట్ల పని జరిగే వేళ అడగాల్సిన మనిషి లేడు!

ఇక నింపే తీరు చూద్దాం. అమెరికాలో బడి బోర్డులో ఖాళీ వస్తే చాలా రాష్ట్రాల్లో మిగిలిన సభ్యులే ఒకరిని నియమించుకుంటారు. కాలిఫోర్నియాలో బోర్డు 60 రోజుల్లోగా నియామకమో, ఎన్నికో తేల్చాలి. నియమిస్తే, అది నచ్చని ఓటర్లు 30 రోజుల్లోగా తగినన్ని సంతకాలతో అర్జీ పెట్టి దాన్ని రద్దు చేయించి ఎన్నిక కోరవచ్చు. చూడండి, నియామకం ఉన్నచోట కూడా దాని మెడ మీద ఓటరు చెయ్యి ఉంది. మన పద్ధతి అంతకన్నా మేలైనది. ఇక్కడ కుర్చీ తరగతిది. ఏ తరగతి కుర్చీ ఖాళీ అయితే ఆ తరగతి తల్లిదండ్రులే కూర్చొని మనిషిని ఎన్నుకోవాలి. హెడ్మాస్టరు రాసుకునే పేరు కాదు. ఊరి పెద్దమనిషి పంపే చీటీ కాదు. పార్టీ నాయకుడు ఫోన్‌లో చెప్పే మనిషి అంతకన్నా కాదు.

అయితే ఒక చిక్కుంది. ఎన్నికకు సగం మంది తల్లిదండ్రులైనా రావాలి. పొద్దున పది గంటలకు మీటింగు పెడితే వేరుశనగ చేలో కూలికి పోయిన తల్లి ఎలా వస్తుంది? పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయిన తండ్రి ఎలా వస్తాడు? కోరం లేదని రాస్తారు, వాయిదా అంటారు. ఆ తర్వాత రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది, వేలిముద్రలు పడతాయి. "అంతా ఏకగ్రీవం" అంటారు. ఇలాంటి ఏకగ్రీవాన్ని మేము ఒప్పుకోం. అందరూ కూర్చొని ఒకే పేరు చెబితే అది ఏకగ్రీవం. ఎవరూ కూర్చోకుండా ఒకే పేరు మిగిలితే అది దగా.

మిత్రులారా, చేయాల్సిన పని పెద్దదేం కాదు. విద్యార్థులారా, మీ ఊరి బడికి పోయి తల్లిదండ్రుల ఓటరు జాబితా, తీర్మానాల పుస్తకం చూపమని అడగండి. ఇవ్వనంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఏ తరగతిలో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో కాగితం మీద రాయండి. ఉద్యోగ మిత్రులారా, దరఖాస్తు రాసిపెట్టే పని మీది. నోటీసు ముందుగా రావాలని, మీటింగు కూలి దిగినాక సాయంత్రం పెట్టాలని, కన్నడం మాట్లాడే సరిహద్దు పల్లెల్లో నోటీసు కన్నడంలో కూడా ఉండాలని మనం అడగాలి. టీచర్లతో తగవు వద్దు. కమిటీ గట్టిగా ఉంటే, మరుగుదొడ్డికి నీళ్లు లేవని, టీచరు పోస్టు ఖాళీగా ఉందని పై అధికారికి రాయడానికి హెడ్మాస్టరుకు కూడా బలం ఉంటుంది.

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఒకే రోజు ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. ఆ లెక్కన రెండేళ్ల గడువు 2026 ఆగస్టుతో సరి. గడువు తీరిన కమిటీ, ఖాళీ పడిన కుర్చీ రెండూ ఒకటే. మనం అడగకపోతే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. మన పాలన మన చేతిలో ఉండాలని కోరేవాళ్లం మనం. ఆ పాలన మన పిల్లలు చదివే బడి గడప దగ్గర మొదలు కావాలి. ఆ కుర్చీని తల్లులతో, తండ్రులతో, వాళ్ల ఓటుతో నింపుదాం!