ఒక మాట – నాలుగు రూపాలు
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ముందుగా నా పొరపాటు ఒకటి ఒప్పుకుంటాను.

నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు ఉద్యోగానికి దరఖాస్తు పంపి, నకలు తెచ్చి నాకు చూపించాడు. అందులో 'ఐ హార్డ్‌లీ వర్క్' అని ఉంది. తాను కష్టపడి పనిచేస్తానని వాడి ఉద్దేశం. ఇంగ్లీషులో దానర్థం 'నేను పనిచేయడమే అరుదు' అని! ఇలా ఎందుకు రాశావురా అంటే, "విశేషణం చివర 'లీ' చేరిస్తే క్రియా విశేషణం అవుతుందని మీరే చెప్పారు కదా సార్" అన్నాడు. నా నోట మాట రాలేదు. సూత్రం నేను చెప్పిందే. దానికి లొంగని మాటలు కూడా ఉన్నాయని మాత్రం చెప్పలేదు.

పాత ఇంగ్లీషులో 'హార్డ్' వంటి విశేషణాల చివర ఒక అచ్చు చేర్చి క్రియా విశేషణం చేసేవారు. కాలక్రమాన ఆ అచ్చు రాలిపోయి, రెంటికీ ఒకే రూపం మిగిలింది. 'ఫాస్ట్' సంగతీ అంతే. ఇక 'హార్డ్‌లీ'కి ఒకప్పుడు 'కష్టంమీద' అనే అర్థం ఉండేది. అది క్రమంగా 'దాదాపు లేదు' అనే అర్థంలోకి జారిపోయింది.

'లీ' విషయంలో ఇంకొక గుర్తు. 'స్లో' అనే విశేషణానికి చేరితే 'స్లోలీ', క్రియా విశేషణం. 'ఫ్రెండ్' అనే నామవాచకానికి చేరితే 'ఫ్రెండ్లీ', ఇది విశేషణం. కాబట్టి తోక చూసి జాతి చెప్పకూడదు. తోక దేనికి తగులుకుందో చూడాలి.

ఇదేమీ మనకు కొత్త విద్య కాదు. తెలుగులో కష్టం, కష్టపడు, కష్టమైన, కష్టంగా అని నాలుగు రూపాలూ తడుముకోకుండా వాడుతున్నాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇల్మ్, ఆలిమ్, తాలీమ్, మాలూమ్ తెలుసు. అరబ్బీనుంచి వచ్చిన ఈ నాలుగూ ఒకే వేరుకు పుట్టినవి. ఇంగ్లీషులోనూ సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ ఒకే కుటుంబం. మొదటిది నామవాచకం, రెండోది క్రియ. అది తెలియక 'ఐ విల్ సక్సెస్' అని రాసే పిల్లలు ఎందరో!

కొన్ని మాటలు రూపం మార్చుకోవు, చోటు మాత్రమే మార్చుకుంటాయి. 'వాటర్' అంటే నీళ్ళు. 'వాటర్ ద ప్లాంట్స్' అంటే మొక్కలకు నీళ్ళు పొయ్యి. మరికొన్నింటికి ఊనిక మారుతుంది. 'రికార్డ్' నామవాచకమైతే మొదటి భాగాన్ని, క్రియ అయితే రెండో భాగాన్ని ఒత్తి పలకాలి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలచేత మాటల పట్టికలు బట్టీ పట్టించకండి. ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయించండి. కొత్త మాట వచ్చినప్పుడల్లా దాని కుటుంబమంతా రాయించండి. ఒక్కొక్క రూపానికి ఒక్కొక్క వాక్యం రాయించండి. ఏదో ఒక గడి ఖాళీగా మిగిలితే కంగారు పడనక్కర్లేదు. అన్ని మాటలకూ నాలుగు రూపాలుండవు.

ఆ అబ్బాయి దరఖాస్తుకు జవాబు రాలేదు. కారణం ఆ ఒక్క వాక్యమేనని నేననను. కాని కష్టపడే పిల్లవాడు తన చేతిరాతతోనే తాను పనిచేయనని రాసిచ్చాడే అన్న బాధ నాకిప్పటికీ పోలేదు. మన పిల్లల్లో మరొకరికి అలా జరగకూడదు.