సదస్సుకి మనమే వెళ్దాం, మన మాట మనమే చెబుదాం
(వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు చదివారు, మీరంతా విన్నారు. బ్యాంకు లింకేజి సంగతి, స్త్రీనిధి బాకీల సంగతి మాట్లాడుకున్నాం. ఇప్పుడు కార్యవర్గం మీ ముందుకి ఒక తీర్మానం తెస్తోంది. చదువుల మీద జరగబోయే ఒక అంతర్జాతీయ సదస్సుకి మన సమాఖ్య నుంచి మనుషుల్ని పంపమని పిలుపు వచ్చింది. కొండ గ్రామాల పిల్లలు ఒకటో తరగతిలో పడే ఇబ్బంది గురించి చెప్పమన్నారు. పంపాలా, వద్దా? పంపితే ఎవరిని పంపాలి? వెళ్ళినవాళ్ళు ఏం చెప్పాలి? ఈ మూడూ మీరే తేల్చాలి. కార్యవర్గంలో మేము మాట్లాడుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఈ మాట చెప్పగానే కొందరు అప్పలు అడిగారు: "పొదుపు సంఘానికి సదస్సుతో పనేటమ్మా? పెద్ద చదువులోళ్ళు ఇంగ్లీషులో మాటాడుకుంటారు. మనం ఎల్లి ఏటి సేస్తాం?" అడగాల్సిన ప్రశ్నే. సంఘం సొమ్ము ఒక్క రూపాయి ఖర్చు పెట్టాలన్నా ఈ ప్రశ్న పడాల్సిందే. అందుకే ముందు దానికే జవాబు చెబుతాం.

ఎక్కడో దూరదేశంలో జరిగిన సభల మాట మన ఊరి బడి దాకా వస్తుంది. 1990 మార్చిలో థాయిలాండ్ దేశంలో జోమ్తియన్ అనేచోట చదువు మీద ప్రపంచ సభ జరిగింది. 155 దేశాల వాళ్ళు కూర్చుని "అందరికీ విద్య" అని ఒప్పుకున్నారు. మళ్ళీ పదేళ్ళకి, 2000 ఏప్రిల్లో, సెనెగల్ దేశంలో డకార్‌లో 164 దేశాల వాళ్ళు కూడి ఎంతవరకు వచ్చాం అని లెక్క చూసుకున్నారు. ఆడపిల్లల చదువు, పెద్దల అక్షరాస్యత ఆ గమ్యాల్లో ఉన్నాయి. ఆ సభల నడుమనే మన దేశంలో 1994లో డి.పి.ఇ.పి. మొదలైంది, తర్వాత మన విజయనగరం జిల్లాకీ వచ్చింది. 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, కమిటీలో సగం ఆడవాళ్ళు ఉండాలని రాసింది ఆ చట్టమే. ఈ రోజు మనలో ఎంతోమంది ఆ కమిటీల్లో సభ్యులు.

అవి సర్కార్ల సభలు. మనకి పిలుపు వచ్చింది పండితుల సదస్సుకి. ప్రొఫెసర్లు, పరిశోధన చేసేవాళ్ళు, పంతుళ్ళు వచ్చి తాము కనిపెట్టినది చెబుతారు. పక్కవాళ్ళు ప్రశ్నలు వేస్తారు. ఆ మాటకి వెంటనే నిధులు రావు, జీవోలు రావు. కానీ సర్కార్లు పథకం రాసేటప్పుడు చూసేది ఇలాంటి సభల్లో పండిన మాటల్నే. 1951లో పారిస్‌లో యునెస్కో పిలిచిన నిపుణులు కూర్చుని, పిల్లలకి మొదటి చదువు చెప్పడానికి అన్నిటికన్నా మంచి భాష తల్లి భాషే అన్నారు. 1953లో అది పుస్తకంగా వచ్చింది. మన రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఏ అధికరణం కూడా, భాషలో తక్కువమంది ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలంటుంది. విద్యాహక్కు చట్టంలోనూ, వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని ఉంది.

ఇప్పుడు మన కొండల సంగతికి వద్దాం. సీతంపేట, భామిని, మెళియాపుట్టి, మందస పక్క సవరలు ఉన్నారు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం పక్క కువి మాట వినిపిస్తుంది. సాలూరు, పాచిపెంట పక్క కొండదొరలు ఉన్నారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు వీటిలో చాలా మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లా పేరు మారింది గాని, ఒకటో తరగతిలో కూర్చునే గుంటడి కష్టం అక్కడే ఉంది.

ఆ కష్టం ఏటో పల్లం ఊళ్ళ అప్పచెల్లెళ్ళకి ఒక్క మాటలో చెప్పాలి. కువి, కొండ భాషలు తెలుగుకి దూరపు చుట్టాలు, అన్నీ ద్రావిడ భాషలే. సవర అలాంటిది కాదు. అది ముండా కుటుంబం భాష, దాని చుట్టాలు సంతాలీ, ముండారీ. ఆరేళ్ళ సవర పిల్లకి తెలుగు వాచకం ఇస్తే, మన ఇంటి పిల్లకి అసలు ఎన్నడూ వినని భాషలో పుస్తకం ఇచ్చినట్టే. పిల్ల మాట్లాడదు. మాట్లాడకపోతే "ఈ పిల్లకి చదువు రాదు" అని పేరు పడుతుంది. ఇంట్లో ఆ పిల్లే మేకల్ని లెక్కపెడుతుంది, ఆకు పేరూ చెట్టు పేరూ చెబుతుంది, సంతలో చిల్లర సరిచూస్తుంది. బడిలోకి వచ్చేసరికి ఏమీ రానిదైపోతుంది. రెండు మూడేళ్ళు అలా గడిస్తే బడి మానేస్తుంది. తర్వాత పదేళ్ళకి ఆ పిల్లే మన సంఘంలోకి వేలిముద్ర వేసుకుంటూ వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు దాదాపు సగం మందే. శ్రీకాకుళంలో సగానికి కాస్త ఎక్కువ. మన మినిట్స్ పుస్తకంలో వేలిముద్రలు ఎందుకున్నాయో ఈ లెక్కలే చెబుతాయి.

పల్లంలోనూ ఈ బాధ వేరే రూపంలో ఉంది. చేపల వేటకి మగవాళ్ళు గుజరాత్ వేరావల్ దాకా వెళ్ళే ఊళ్ళు మనవి. కూలికి ఇల్లిల్లంతా విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై కదిలిపోయే ఊళ్ళు మనవి. ఆ ఇళ్ళ పిల్లలు ఏడాది నడుమ ఏ బడిలో, ఏ భాషలో కూర్చోవాలి? కాబట్టి ఇది కొండవాళ్ళ గొడవ మాత్రమే అనుకోవద్దు.

ఈ మాట మన గడ్డ మీద కొత్తది కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులు. కొండ దిగి వచ్చే సవరల మాట ఆయనకి తెలియలేదు. తెలియకపోతే వాళ్ళనే తెలుగు నేర్చుకోమనలేదు, తానే సవర నేర్చుకున్నారు. ఆ భాష వచ్చిన మనిషిని దగ్గర పెట్టుకుని ఏళ్ళ తరబడి విన్నారు, రాసుకున్నారు. సవర పిల్లల కోసం సవరలో వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి ఆ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. తెలుగు పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని పోరాడింది ఆయనే. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. తెలుగు కోసం అంత చేసిన మనిషి, సవర గుంటలకి మాత్రం సవరలోనే చెప్పాలన్నారు. ఆ నిఘంటువులో ఉన్న ప్రతి మాటా ఎవరో ఒక సవర మనిషి నోటితో చెబితేనే వచ్చింది. ఇది గుర్తు పెట్టుకుందాం.

చాలా ఏళ్ళ తర్వాత, 2004లో, మన రాష్ట్రంలో బహుభాషా విద్య పేరుతో ఎనిమిది భాషల్లో బడి పని మొదలుపెట్టారు. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామీ, బంజారా. తెలుగు లిపిలోనే, ఊరి పాటలూ కథలూ పెట్టి, వాచకాలు తయారుచేశారు. సరిహద్దు అవతల ఒడిశాలోనూ ఇలాంటి పని జరిగింది, అక్కడ సవర పుస్తకం ఒడియా లిపిలో ఉంది. 1936లో మంగేయి గొమాంగో గారు సవరకి సొంత లిపే తయారుచేశారు. భాష ఒకటే, అక్షరాలు మాత్రం మూడు రకాలు. మెళియాపుట్టి నుంచి అవతలికి పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల తన బిడ్డకి ఏ అక్షరం నేర్పాలి? పండితులకి ఇది చర్చ. మన సభ్యులకి ఇది రోజువారీ బతుకు.

ఇక మనం ఎందుకు వెళ్ళాలో చెబుతాం. 2000లో వెలుగు ప్రాజెక్టు మొదట వచ్చిన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. అప్పటి నుంచి మన సంఘాల మీద పరిశోధన చేసేవాళ్ళు వస్తూనే ఉన్నారు. మనం చాప వేసి కూర్చోబెట్టాం, టీ ఇచ్చాం, అడిగిందల్లా చెప్పాం. వాళ్ళు ఫారాలు నింపుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళారు. ఏం రాశారో మనలో చాలామందికి తెలియదు. తప్పు రాశారని అనడం లేదు. మన గురించి మాట జరుగుతున్న గదిలో మనం లేమంతే. తల్లి లేకుండా పిల్ల సంబంధం మాట్లాడినట్టు.

మన మాటకి బలం ఉందని చెప్పడానికి నెల్లూరు సంగతి చాలు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో పెద్దలు చదివిన వాచకంలో సీతమ్మ కథ ఉండేది. చదవడం నేర్చుకున్న ఆడవాళ్ళు ఆ పాఠం ఊళ్ళోకి తెచ్చారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అక్కడి పొదుపు ఉద్యమానికీ ఆ కదలికే ఊపిరి. పండితులు దాని మీద ఎన్నో పత్రాలు రాశారు. కానీ ముందు నడిచింది మనలాంటి ఆడవాళ్ళు.

సదస్సు పద్ధతి కూడా తెలియాలి. ముందు మనం చెప్పబోయే విషయం ఒక పేజీలో సారాంశంగా రాసి పంపాలి. వాళ్ళు చదివి, తీసుకుంటామో లేదో చెబుతారు. తీసుకుంటే మాట్లాడటానికి పావుగంట, ఇరవై నిమిషాలు ఇస్తారు. తర్వాత ప్రశ్నలు. ఒకే వేళకి నాలుగైదు గదుల్లో మాటలు జరుగుతాయి, ఎక్కడ కూర్చోవాలో ముందే చూసుకోవాలి. నమోదు రుసుము ఉంటుంది. అడిగితే తగ్గించే చోట్లు ఉన్నాయి, అడగడానికి మొగమాటం అక్కర్లేదు. ఒక జాగ్రత్త. "అంతర్జాతీయ" అని పేరు పెట్టి, ఏం పంపినా తీసేసుకుని, రుసుము గుంజి సర్టిఫికెట్టు చేతిలో పెట్టే సభలు కూడా ఉన్నాయి. ఎవరు జరుపుతున్నారు, సారాంశం ఎవరు చదువుతారు అన్నది తేలేదాకా డబ్బు కట్టకూడదు. అప్పు ఇచ్చే ముందు మనిషిని విచారిస్తాం గదా, ఇదీ అంతే.

మా ప్రతిపాదనలు ఇవి.

మొదటిది: వెళ్ళే ఇద్దరిలో ఒకరు సవర ఇంటి తల్లి కావాలి. ఆమె సవరలోనో తెలుగులోనో మాట్లాడుతుంది, పక్కన ఇంకొకరు తర్జుమా చేస్తారు. భాష గురించి చెప్పడానికి వెళ్ళి, మన భాష దాచుకుని నిలబడటం ఏం బాగుంటుంది?

రెండోది: ఉత్తి చేతులతో వెళ్ళకూడదు. ప్రతి గ్రామ సమాఖ్యా తమ ఊరి బడికి వెళ్ళి నాలుగు ప్రశ్నలకి జవాబు రాసి పంపాలి. పిల్లల ఇంటి భాష ఏది? ఆ భాషలో వాచకం బడిలో ఉందా? ఉంటే, చెప్పడానికి ఆ భాష వచ్చిన మేష్టరు ఉన్నారా? ఒకటో తరగతిలో చేరినవాళ్ళలో ఐదో తరగతికి ఎంతమంది చేరారు? ఉన్నది ఉన్నట్టు రాయండి. బాగున్న బడి ఉంటే అదీ రాయండి, ఎందుకు బాగుందో రాయండి.

మూడోది: ఏ పిల్ల పేరూ, ఫొటో తల్లి ఒప్పుకోకుండా బయటకి వెళ్ళకూడదు. మన విషయంలో ఎవరైనా ఏ మర్యాద పాటించాలని కోరతామో, మనం ముందు అదే పాటించాలి.

నాలుగోది: ఖర్చు. పిలిచినవాళ్ళు ఎంత భరిస్తారో కాగితం మీద తీసుకుందాం. మిగిలింది సమాఖ్య సొంత ఆదాయం నుంచే పెట్టాలి. సభ్యుల పొదుపు సొమ్ము ముట్టకూడదు. వచ్చాక ప్రతి రూపాయికీ రశీదు మహాసభ ముందు పెట్టాలి.

ఐదోది: వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన నెలలోపు ప్రతి మండల సమాఖ్యలో కూర్చుని చెప్పాలి. అక్కడ వేరే దేశాల తల్లులు, పంతుళ్ళు ఏం చేస్తున్నారో విని తేవాలి. మన గురించి రాసేవాళ్ళు ఆ రాసినది తెలుగులో మనకి పంపాలని అక్కడే అడిగి రావాలి.

ఇవీ మేము అనుకున్నవి. కాదనేవాళ్ళు లేచి కాదనండి, మార్చమనేవాళ్ళు మార్చమనండి. ఒక్కటి మాత్రం చెబుతాం. ఒకటో తరగతిలో నోరు మూసుకుని కూర్చున్న గుంట తన బాధ తాను చెప్పుకోలేదు. ఆ గుంట తల్లి మన సంఘంలో ఉంది. ఆమె నోటి మాట ఆ గదిలో వినపడాలా, వద్దా? అదే ఈ రోజు తీర్మానం.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. లెక్కపెట్టి మినిట్స్‌లో రాయిద్దాం.