పెరటి పూలమొక్కల పోషణము



బంతి యొక్క ఋతువు పూచి ఎండిపోవును, మరల విత్తుకొనవచ్చును. మల్లె, మందారము, నందివర్ధనము, పారిజాతము అట్టివి కావు. నాటినవారు గతించినను అవి నిలిచియుండును. కావున వాటి విషయమున మనము చేయు పొరపాటు ఒక్క యేటితో తీరునది కాదు. నేను చేసిన పొరపాటును మొదట విన్నవించెదను.

మాది విశాఖపట్టణములోని మల్కాపురము. చేరువనే సముద్రము. 1941లో పునాది పడిన నౌకానిర్మాణశాలయు, 1957లో పని కారంభించిన చమురుశుద్ధి కర్మాగారమును మాకు ఇరుగుపొరుగులు. ఉప్పుగాలికిని దుమ్మునకును ఓర్చిన మొక్కయే మాకడ మొక్క. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా తీరమును దాటినది. మరునాడు చూడగా, కూలక నిలిచిన చెట్లకు సైతము ఆకు లేదు. మిగిలిన ఆకు నిప్పు సోకినట్లు కమిలియుండెను. మా తల్లి నాటిన నందివర్ధనము మోడై నిలిచినది. పదిదినములు చూచితిని. చిగురు కానరాలేదు. చచ్చినదని నిశ్చయించి, చుట్టును త్రవ్వి, వేళ్ళు తెగగొట్టి పెకలించితిని. పిదప కొమ్మలు నరుకుచుండగా పాలు కారినవి! తొందరపాటు కూడదని యేండ్ల తరబడి బడిపిల్లలకు బోధించినవాడను నేనే.

గోటితో బెరడును కొంచెము గీచి చూచినచో చాలియుండెడిది. లోపల పచ్చదనమున్న ప్రాణమున్నట్లే. ఒకచోట ఎండియున్న, క్రిందికి వచ్చి మరల గీచి చూడవలెను. ఉప్పుగాలి కొట్టిన మొక్కకు మంచినీటితో ఆకులు, కొమ్మలు కడిగి, నీరు ఇంకు నేలయైనచో పాదు నిండ రెండుమూడుసార్లు పోసి ఉప్పును క్రిందికి దింపవలెను. చిగురు వచ్చువరకు ఎరువు పెట్టరాదు.

నీటిని గూర్చి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చెప్పినది నేటికిని పనికివచ్చును: నాటిన మొక్కకు గ్రీష్మమున ఉదయ సాయంకాలములు, శీతకాలమున దినము విడిచి దినము, వానకాలమున నేల ఎండినపుడు మాత్రమే. మనవారు వానలోను చెంబెడు పోయక మానరు. వేరు కుళ్ళుట కదియే కారణము.

మల్లెకు మాత్రము కొంత కాఠిన్యము కావలెను. మార్గశిర పుష్యములలో రెండువారములు నీరు మానివేసి, ఆకు దూసి, పొదను నేలనుండి మూరెడు ఎత్తున కత్తిరింపవలెను. ఎండుకొమ్మలను మొదలంట తీసివేయవలెను. తరువాత పాదు గుల్లచేసి, చివికిన పశువులయెరువు తట్టెడు వేసి, నీరు కట్టవలెను. మొగ్గ క్రొత్త చిగురుననే వచ్చును గనుక, కత్తెరకు జాలిపడినవారికి వేసవిలో ఆకే గాని పూవు దక్కదు. మా యింట ఈ పనికి ప్రతియేడును తగవే!

మందారమునకు పిండినల్లి పట్టినపుడు ముందుగా చీమలను చూడుడు; దానిని ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చునవి అవియే. పట్టిన కొనలు త్రుంచి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెయు, కొంచెము సబ్బును కలిపి సాయంకాలమున చల్లవలెను. గన్నేరు ఉప్పుగాలికి బాగుగా నిలుచును; కాని అది విషము. పశువులకును పసిబిడ్డలకును అందని చోటనే నాటవలెను.

నందివర్ధనము మాట మిగిలినది. నరికిన కొమ్మలనుండి జానెడేసి ముక్కలు ఆరింటిని కోసి, ఇసుక కలిపిన మట్టిలో గ్రుచ్చి నీడన నుంచితిని. అయిదు ఎండినవి. ఆరవది ఇప్పుడు నూతి ప్రక్కన నా భుజములయెత్తు పెరిగియున్నది. ఉదయపు పూజకు పూలు దానివే.