మొన మాత్రమే ముంచిన ఉలి

 

మా ఊరి కమ్మరి, రాళ్లు కొట్టే ఉలిని కొలిమిలో ఎర్రగా కాల్చి మొన ఒక్కటే నీళ్లలో ముంచేవాడు. పైకి తీసి, ఇటుక ముక్కతో రుద్ది, రెప్ప వాల్చకుండా చూసేవాడు. వెనక మిగిలిన వేడి మొనవైపు పాకుతుంటే ఉక్కు మీద ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత ఊదా రంగు వచ్చేవి. ఊదా మొనకు చేరగానే ఉలి మొత్తం నీళ్లలో ముంచేవాడు. ఎందుకలా అంటే, "లేకపోతే మొన ఎగిరిపోద్ది బాబూ" అనేవాడు.

ఆ మాటకు అర్థం నాకు మైక్రోస్కోపు కింద దొరికింది. 727 డిగ్రీలు దాటాక ఉక్కులో ఇనుప పరమాణువుల అమరికే మారిపోతుంది. ఆ కొత్త అమరిక ఆస్టెనైట్. అందులో కార్బన్‌కు చోటెక్కువ. నిదానంగా చల్లారితే కార్బన్ విడివడి, ఫెర్రైట్, సిమెంటైట్ పొరలుగా పేరుకుంటాయి. ముత్యపుచిప్పలా మెరుస్తుంది కనుకే దాన్ని పియర్‌లైట్ అన్నారు. ఒక్కసారిగా చల్లారిస్తే కార్బన్‌కు కదిలే వ్యవధి దొరకదు. ఉన్నచోటే ఇరుక్కుని అమరికను ఒకవైపుకు సాగదీస్తుంది. అదే మార్టెన్‌సైట్. ఎంత గట్టిదో అంత పెళుసు. మళ్లీ కాస్త వేడి తగిలించి ఆ పెళుసు తగ్గించడమే టెంపరింగ్. ఉలి వెనక మిగిలిన వేడితో కమ్మరి చేసిందీ అదే.

ఉద్యోగంలో తొలి ఏడాది, ఒక రాత్రి షిఫ్టులో నూనెలో ముంచిన షాఫ్టులకు టెంపరింగ్ పొద్దున చూద్దామని వదిలేశాను. తెల్లారేసరికి రెండు నిలువునా చిట్లి ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. లోపలి ఒత్తిడే చీల్చింది.

మన ఇళ్ల స్లాబుల్లో వేసే టీఎంటీ కడ్డీదీ ఆ ఉలి దారే. రోలింగ్ నుంచి ఎర్రగా వచ్చిన కడ్డీని నీళ్ల ధారల్లోంచి పంపుతారు. పైపొర మార్టెన్‌సైట్ అవుతుంది. కూలింగ్ బెడ్ మీద నడిమి వేడి పైకొచ్చి దాన్ని టెంపర్ చేస్తుంది. కడ్డీని కోసి, నునుపు చేసి, నైటల్ అనే ఆమ్ల ద్రావణం రాస్తే అంచు వెంట ముదురు ఉంగరం కనిపిస్తుంది. ఆ గట్టి అంచూ కావాలి, లోపలి సాగే గుణమూ కావాలి. భూమి కంపించినప్పుడు కడ్డీ విరగకుండా వంగాలి కదా.

మెటలర్జీ పట్టాలు అందుకుంటున్న మీ చేతికి రేపు హీట్ ట్రీట్‌మెంట్ చార్టు వస్తుంది. లారీ వాకిట్లో ఉందనీ, ఫర్నేస్ ఖాళీ లేదనీ టెంపరింగ్ దగ్గరే తొందరపెడతారు. ఒప్పుకోకండి. చెయ్యని టెంపరింగ్‌కు చేసినట్టు సంతకం పెట్టకండి.